కత్తెరక్క ఉత్తరం, పద్నాలుగో నంబరు బస్సు

కత్తెరక్కకు కోపం వస్తే నోటికి పని ఉండదు, చేతిలో కత్తెర మాత్రం గబగబా ఆడుతుంది. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఆమె గుడ్డ కత్తిరిస్తుండగా దుకాణం గడప తొక్కరు. తెలియనివాళ్ళు ఫోన్ చేసి "నా చొక్కా అయిందా అక్కా" అంటారు, రోజుకు పాతికమందికి తక్కువ కాకుండా. తల ప్రాణం తోకకొచ్చి ఆమె ఒక ఉపాయం చేసింది. కొలతల పుస్తకంలో ప్రతివాళ్ళ చేతా ఈమెయిలు రాయించుకుని, శుక్రవారం శుక్రవారం అందరికీ ఒక ఉత్తరం పంపడం మొదలుపెట్టింది. ఎవరి బట్టలు సిద్ధంగా ఉన్నాయో, ఎవరు గుండీలు తెచ్చివ్వాలో అందులో ఉండేది.

ఒక శుక్రవారం ఆమెకు ఏం తోచిందో, ఉత్తరం చివర రెండు ముక్కలు కలిపింది. "మన వీధి మలుపులో దీపం వెలగక ఇరవై రెండు రోజులైంది. రోజులు నేనొక్కదాన్నే లెక్కపెడుతున్నానా, ఇంకెవరైనా ఉన్నారా?" బట్టల గురించి రాస్తే ఉలుకూ పలుకూ లేని మహానుభావులు నలభై ఒక్కమంది దీపం గురించి జవాబిచ్చారు. ఒకాయన స్తంభం నంబరు రాశాడు. ఒకావిడ ఏ ఆఫీసులో ఎవర్ని పట్టుకోవాలో రాసింది. సోమవారానికి దీపం వెలిగింది. అంతే, కత్తెరక్క ఆ రుచి మరిగింది.

మూడేళ్ళు తిరిగేసరికి బట్టల జాబితా ఉత్తరం అడుక్కి దిగిపోయింది. పైభాగమంతా నగరసభ సంగతులే. సభ ఎజెండా కాగితాలు, ఎవరూ చదవకూడదనే అంత సన్నటి అక్షరాల్లో అచ్చేస్తారని కత్తెరక్క గట్టి నమ్మకం. అందుకే పట్టుబట్టి చదివేది. చదివి, మామూలు మనుషుల మాటల్లో రాసేది. దీన్ని న్యూస్‌లెటర్ అంటారని బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి చెబితే, "ఏదో ఒకటి అంటార్లే, నువ్వు చదివావా లేదా?" అంది. చదివేవాళ్ళు ఆరువందలు దాటారు. ఒకే మెట్ల మీద పదేళ్ళు ఎదురుపడినా పలకరించుకోనివాళ్ళు ఇప్పుడు ఆమె దుకాణంలో నిలబడి మురుగుకాలువ గురించి వాదించుకునేవాళ్ళు. కత్తెరక్కకు అది భలే గర్వంగా ఉండేది. దాచుకునేది కూడా కాదు.

చదవనని భీష్మించుకున్న మనిషి ఒక్కరే, ఆమె అత్తగారు. నిజానికి దుకాణం ఆవిడదే. కోడలికి కత్తెర పట్టడం నేర్పిందీ ఆవిడే. కొలతల పుస్తకంలో మొదటి పేజీలన్నీ ఆవిడ ముత్యాల్లాంటి అక్షరాలు. పోయినేడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మంగళవారం, శనివారం పద్నాలుగో నంబరు బస్సెక్కి చికిత్స కేంద్రానికి వెళ్ళేది. ఆ బస్సు మెట్టు నేలకు తగిలేంత కిందికి ఉంటుంది, కేంద్రం గేటు ముందే ఆగుతుంది. కార్లో కూర్చోవాలంటే నడుం వంగదు. ఆ బస్సు ఉంటేనే చికిత్స.

ఆ బస్సునే తీసేస్తామని రవాణా బోర్డు నోటీసు ఇచ్చింది. ఎక్కేవాళ్ళు లేరట. అభ్యంతరాలుంటే పద్నాలుగు రోజుల్లో రాసి పంపాలట. ఎజెండా పదకొండో పేజీలో ఈ ముక్కను కత్తెరక్క రెండుసార్లు చదివింది. వీధి తర్వాత, ఊరు తర్వాత, ముందు అత్తయ్య చెయ్యి గుర్తొచ్చింది.

ఆ ఆవేశంలోనే కూర్చుని, ఘాటైన అభ్యంతరం ఒకటి రాసి ఉత్తరంలో పెట్టింది. "కింద పేరు పెట్టి పంపండి, చాలు" అంది. రెండువందల పన్నెండుమంది పంపారు. కత్తెరక్క కాళ్ళు నేల మీద నిలవలేదు.

గడువు ఇంక అయిదు రోజులుందనగా, బుధవారం మధ్యాహ్నం, ప్యాంటు తీసుకెళ్ళడానికి రవాణా ఆఫీసు గుమాస్తా వచ్చాడు. వచ్చిన కాగితాలు రిజిస్టరులో ఎక్కించే ఉద్యోగం ఆయనది. ఆయన కూడా ఉత్తరం చదివేవాడే.

"ఒక మాట చెప్తాను, కోప్పడకండి అక్కా. రెండొందల పన్నెండు కాగితాలొచ్చాయి. రిజిస్టరులో ఒకటే ఎక్కింది."

"అదేంటి?"

"అక్షరం తేడా లేకుండా ఒకే కాగితం వస్తే, ఎంతమంది పంపినా ఒక్క అభ్యంతరం కిందే లెక్క. రూలు అలా ఉంది. సోమవారం దాకా టైముంది."

 కత్తెరక్క చేతిలో కత్తెర గబగబా ఆడింది. గుమాస్తా మెల్లిగా జారుకున్నాడు.

సాయంత్రం వంటింట్లో ఈ సంగతి చెప్పి తలపట్టుకుంది. అత్తగారు కుర్చీలోంచి కదలకుండా అడిగింది.

"ఇరవై ఏళ్ళుగా కుడుతున్నావు. ఒకరి కొలతతో ఇంకొకరికి ఎప్పుడైనా కుట్టావా?"

"లేదత్తయ్యా."

"మరి ఊరందరికీ ఒకే చొక్కా ఎలా తొడిగావే?"

కత్తెరక్కకు సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. శుక్రవారం దాకా ఆగలేదు. ఆ పూటే ఉత్తరం పంపింది. "తప్పు నాది. నేను రాసింది పక్కన పడేయండి. మీ కొలత మీరే చెప్పండి. ఎక్కడ ఎక్కుతారు, ఎక్కడ దిగుతారు, ఆ బస్సు లేకపోతే మీకేమవుతుంది? గొప్ప భాష అక్కర్లేదు. రాయడం కుదరనివాళ్ళు దుకాణానికి రండి, మీరు చెప్పండి, నేను రాస్తాను."

మర్నాటి నుంచి దుకాణంలో గుడ్డ పరచడానికి చోటు లేదు. రొట్టెల దుకాణంలో పిండి కలిపే ఆవిడ, తాను అయిదింటి బస్సు ఎక్కకపోతే ఊళ్ళో పొద్దున్న రొట్టె ఉండదని రాయించింది. కిటికీలకు అద్దాలు బిగించే ఆయన, ఆరడుగుల అద్దంతో ఎక్కనిచ్చే డ్రైవరు ఆ బస్సులోనే ఉన్నాడన్నాడు.

"అది రాస్తే ఆ డ్రైవరు ఉద్యోగం ఊడుతుంది బాబూ. అద్దం మాట తీసేద్దాం, మీరు ఎక్కుతారని రాద్దాం" అంది కత్తెరక్క.

సోమవారానికి నూట ఎనభై ఏడు కాగితాలయ్యాయి, దేనికదే. ఆఫీసుకు బయల్దేరుతుంటే అత్తగారు ఒక కవరు అందించింది. "నువ్వు చదవకు. తీసుకెళ్ళి ఇచ్చెయ్" అంది. కత్తెరక్క చదవలేదు.

అభ్యంతరాల మీద విచారణ జరిగిన రోజున బోర్డు హాలులో కుర్చీలు చాలలేదు. గోడల వెంట నిలబడ్డవాళ్ళందరూ కత్తెరక్కకు నడుం కొలతలతో సహా తెలిసినవాళ్ళే. అత్తగారు ముందు వరసలో, కోడలి పక్కన కూర్చుంది. బోర్డు అధ్యక్షురాలు కొన్ని కాగితాలు పైకి చదివింది. చివరిది తీసి, కళ్ళజోడు సర్దుకుని, కూడబలుక్కుంటూ చదివింది.

"మా వీధి మలుపులో ఎక్కుతాను. చికిత్స కేంద్రం గేటు దగ్గర దిగుతాను. పోయినేడాది నా కుడిచెయ్యి పడిపోయింది. ఈ కాగితం ఆ చేత్తోనే రాశాను. అక్షరాలు బాగాలేవు. బస్సు ఉంటే వచ్చే ఏడాదికి బాగుపడతాయి."

అధ్యక్షురాలు కాగితాన్ని హాలువైపు తిప్పి చూపించింది. వంకర అక్షరాలు, ఒక్కొక్కటి ఒక్కో సైజులో. కత్తెరక్కకు కన్నీళ్ళాగలేదు. ఆ చెయ్యి కలం పట్టగలదని ఆమెకే తెలియదు. పైగా తాను అడిగిన మూడు ప్రశ్నలకూ వరసగా జవాబులున్నాయి. ఉత్తరం చదవనే చదవనన్న మనిషి.

బోర్డువాళ్ళు అక్కడికక్కడే చేతులెత్తి ఓటేశారు. బస్సు ఉంటుంది, ఆదివారం మాత్రం రెండు ట్రిప్పులు తగ్గుతాయి. హాలంతా చప్పట్లు మోగుతుంటే కత్తెరక్క అత్తగారి కుడిచెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు బలహీనంగానే అయినా తిరిగి పట్టుకున్నాయి.

"ఎప్పట్నుంచి చదువుతున్నావు అత్తయ్యా?"

"దీపం నాటినుంచి" అంది అత్తగారు. "ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు శనివారం బస్సు టైము మారుతుందేమో అడుగు."

కత్తెరక్క కళ్ళు తుడుచుకుని, లేచి నిలబడి అడిగింది.