రంగు పెట్టెకు నేసిన బట్ట

మెట్రిక్ ప్యాసై నౌకరీ కోసం ఎదురుచూస్తున్న కాలంలో నేను చేసిన ఏకైక ఘనకార్యం ఒక బస్సు. మోత్కూరు బజారులో ఆగే బస్సును టేపుతో కొలిచి, అడుగుకు అరంగుళం లెక్కన అట్టతో, రేకుతో దాని నమూనా తయారుచేశాను. నేను కొలుస్తుంటే కండక్టర్ కిందికి దిగి, "ఏం సేటూ, కొంటవా?" అని అడిగాడు. కొననని చెప్పాను.

కుంచెతో రంగు వేస్తే గీతలు తేలాయి. అసలు బస్సు మీద గీతలు లేవు కాబట్టి నాకది నచ్చలేదు. నల్లుల మందు కొట్టే చేతిపంపును కడిగి, కిరసనాయిలుతో పలుచన చేసిన ఎర్ర రంగు అందులో పోసి కొట్టాను. వాకిట్లో కొడితే దుమ్ము అంటుకుంది. ఇంట్లో కొడితే ఇంకా అన్యాయం. మాది నేతవాళ్ళ ఇల్లు. మగ్గం ఆడినంతసేపూ గాలిలో దూది నూగు తేలుతూనే ఉంటుంది. తెల్లారేసరికి నా బస్సుకు నూనూగు మీసాలు వచ్చాయి.

అందుకని రంగు కొట్టడానికే ఒక పెట్టె కట్టాలనుకున్నాను. హోటలాయన పారేస్తున్న టీ పెట్టెను అడిగి తెచ్చి, పక్కకు పడుకోబెట్టి, అడుగు చెక్క ఊడదీశాను. అక్కడ పలుచని బట్ట బిగిస్తే గాలి దాటిపోతుంది, రంగు బట్టకు అంటుకుని ఆగిపోతుంది. పెట్టెను కిటికీకి ఆనించాలి. ఇంట్లో ఉన్న ఒకే ఒక కిటికీ మగ్గం గదిలో ఉంది. మగ్గం మీద బాపు, అంటే మా నాన్న, తెల్ల పంచెలకు సాగదీసి కట్టిన పోగుల పడుగు ఉంది. దాని మీద ఒక్క మచ్చ కనిపించినా నూలిచ్చి నేయించుకునే సావుకారు బట్టంతా తిప్పి పంపుతాడు.

బాపు ఒక్క మాటే అన్నాడు: "నా పడుగు మీద ఒక్క సుక్క పడ్డదా, నువ్వూ నీ బస్సూ బజార్లనే. మల్ల గీ బొమ్మల ముచ్చట నా ఇంట్ల ఉండొద్దు."

పాత పంచె ముక్క ఒకటి ఉతికిపెట్టమని అవ్వకు ఇచ్చాను; మేం అమ్మను అలాగే పిలుస్తాం. ఉతికింది. నేనే పెట్టెకు బిగించాను. బస్సును లోపల పెట్టి పంపు కొట్టాను. పోయిన రంగంతా వెనక్కి వచ్చింది. ముఖం మీదికి, చొక్కా మీదికి, అక్కణ్ణుంచి మగ్గం వైపు. బాపు మగ్గం గుంటలోంచి లేచి, పడుగుకు వీపు అడ్డం పెట్టి నావైపు తిరిగి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఆయన ఛాతీ అంతా ఎర్ర చుక్కలు. పడుగు మీద ఒక్కటి కూడా లేదు.

అవ్వ వచ్చి మమ్మల్నిద్దరినీ వదిలేసి బట్టను వేలితో తట్టి చూసింది. అది అట్టలా మోగింది.

"గంజి మంచిగ పట్టింది," అంది.

గంజి పెట్టకుండా బట్టను చేతికిచ్చే అలవాటు ఆమెకు లేదు. నాకైనా చెప్పాలని తోచలేదు. గంజి లేని బట్టను నేనెప్పుడు చూశాను గనక.

"నీకు ఎసొంటి బట్ట గావాలె?" బాపు ఛాతీ మీది రంగు కిరసనాయిలుతో తుడుచుకుంటూ అడిగాడు.

"గాలి పోవాలె. రంగు ఆగాలె. ఒత్తుగ ఉండొద్దు, గంజి ఉండొద్దు."

"గసొంటిది బట్ట గాదు," అన్నాడు. అక్కడితో నా బస్సు కథ ముగిసిందని అనుకున్నాను. చాలా బాధేసింది.

పంచెలు కోసి సావుకారుకు ఇచ్చి వచ్చిన మర్నాడు, బాపు వీధి తలుపు వేసుకుని మగ్గంలో కూర్చున్నాడు. ఆయన పగటిపూట తలుపు వేయడం నేనెప్పుడూ చూడలేదు. మిగిలిన పోగులతో, సందు సందుగా, దోమతెరలాగా ఏదో నేస్తున్నాడు. పోగును దగ్గరికి కొట్టే దెబ్బ గట్టిగా వేయడం లేదు. మా వాడలో మగ్గం చప్పుడు వింటే చాలు, మనిషి పాణం ఎట్లుందో తెలిసిపోతుంది. పక్కింటాయన తలుపు కొట్టాడు.

"ఏందే, దెబ్బ పడతలేదు. జరమా?"

"ఔ, జర జరమొచ్చింది," అన్నాడు బాపు లోపలి నుంచే.

జ్వరానికని ఆయన కషాయం పంపించాడు. బాపు అది తాగాడు.

సాయంత్రం ఆ బట్ట నా ఒళ్ళో పడేశాడు. "నా జన్మల గింత ఖరాబు బట్ట నేయలే. ఎవలకన్న చెప్పినవంటే ఊకోను."

విప్పి చూశాను. అంత ఖరాబు బట్టకూ చివరన వేలెడు వెడల్పున ఎర్ర అంచు ఉంది, ఒత్తుగా, పంచెకు వేసినట్టే. పెట్టెకు ఆ మేర ఎక్కువవుతోంది.

"కోసెయ్," అని ఎటో చూస్తూ బయటికి పోయాడు.

కత్తెర తెచ్చాను గాని చేతులు రాలేదు. అంచును పెట్టె వెనక్కి మడిచి మేకులు కొట్టాను. మగ్గం ఆడని పూట చూసి రంగు కొట్టాను. ఒక్క నూగు లేదు, ఒక్క గీత లేదు. వాడలో వాళ్ళంతా వచ్చి బస్సు చుట్టూ మూగారు.

బాపు అందరికంటే చివర వచ్చాడు. బస్సు వైపు పోలేదు. పెట్టెను కిటికీ నుంచి జరిపి, దాని వెనక్కి పోయి, వంగి, అంచు ఉందో లేదో చూసుకున్నాడు. దాని మీద వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నిమిరాడు.

"బస్సు మంచిగున్నది," అన్నాడు.