పోర్చుగల్‌లో మావాళ్లు

ఉద్యోగం లేని రోజుల్లో మనిషికి అన్నీ వచ్చినట్టే ఉంటుంది. డిగ్రీ పూర్తయిన కొత్తలో నన్ను ఎవరు ఏమడిగినా "వచ్చు సార్" అనేదాన్ని. టైపింగు వచ్చా అంటే వచ్చు, అనువాదం వచ్చా అంటే వచ్చు. హైదరాబాదు నుంచి ఆటల వార్తలిచ్చే ఒక యాప్ వాళ్లు ఫోన్ చేసి "ఫుట్‌బాల్ తెలుసా అమ్మా" అన్నప్పుడు కూడా అదే ఊపులో "వచ్చు సార్" అనేశాను. (తెలుసా అంటే వచ్చు అన్నానన్న సంగతి ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు.) క్రికెట్టు, కబడ్డీ, ఇంగ్లండు ఫుట్‌బాల్ అప్పటికే సీనియర్లు పంచేసుకున్నారు. మిగిలింది పోర్చుగల్ దేశపు పెద్ద లీగు. ఆగస్టు నుంచి మే దాకా పద్దెనిమిది జట్లు ఆడతాయి, అట్టడుగున మిగిలిన వాటిని కింది లీగుకు దింపేస్తారు. ఇంగ్లీషులో వచ్చే రిపోర్టులు చూసుకుని నేను తెలుగులో రాయాలి. సీజనంతా సరిగ్గా రాస్తే ఉద్యోగం ఖాయం. అలా ఆదోనిలో మా రెండు గదుల ఇంట్లో, కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నేను పోర్చుగల్ నిపుణురాలినైపోయాను.

అక్కడి ఆటలు చాలావరకు మనకు అర్ధరాత్రి అయ్యేవి. నేను హాయిగా నిద్రపోయి, పొద్దున్నే లేచి, కళ్లారా చూసినట్టు రాసేదాన్ని. తెలియని మాట వస్తే ఆగడం అనే అలవాటు లేదు. గోలు పడనివ్వకుండా ఆట ముగిస్తే గోల్‌కీపరుకు 'క్లీన్ షీట్' అంటారని తెలియక, "గోల్‌కీపరు తన దుప్పటిని మాయనివ్వలేదు" అని రాశాను. రాసింది పంపే ముందు అమ్మకు చదివి వినిపించేదాన్ని. అమ్మ పత్తి మిల్లులో పని చేసేది. యంత్రంలోకి పోకముందే పత్తిలోంచి ఆకూ పుల్లా ఏరిపారేసే పని. చదువుకోలేదు గానీ వినడం బాగా వచ్చు. టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నది కాస్తా ఆగింది.

"ఆట మద్దెలో దుప్పటి ఎందుకే?"

"ఆడ చలి ఎక్కువ మా."

"పాపం," అని డబ్బాకు మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ చలి మీద జాలితోనే అమ్మకు ఆ లీగు అంటుకుందనుకుంటాను. దీపావళి నాటికి పొద్దున లేస్తూనే "ఎవురు గెలిసినారు" అని అడిగేది. ఒకరోజు, అన్నిటికంటే కిందున్న జట్టేది అని అడిగింది. చేపలు పట్టేవాళ్ల ఊరొకటి ఉంది, ఆ ఊరి జట్టు, వాళ్లకు పేరున్న ఆటగాళ్లెవరూ లేరు అని చెప్పాను. "అయితే అదే మన జట్టు," అంది. వారం తిరక్కుండానే మిల్లులో అమ్మతోపాటు పత్తి ఏరే ఆడవాళ్లందరికీ అదే జట్టు అయిపోయింది. సోమవారం మధ్యాహ్నం వాళ్లు అన్నాలకు కూర్చున్నప్పుడు నేను ఫోన్ చేసి నా వ్యాసం చదివేదాన్ని, అవతల అమ్మ ఫోనును స్పీకర్లో పెట్టి మధ్యలో ఉంచేది. వాళ్లలో పెద్దది, జుట్టు మీద దూది ఏదో, నెరిసిన వెంట్రుక ఏదో తెలియని మనిషి, దూది అవ్వ అనేవాళ్లం. ఆమెకు నా రాతలో గొప్ప గొప్ప మాటలొస్తే చిరాకు. "ఉవ్వెత్తున ఎగసిపడినారు అంటాండావే, గోలు పడిందా ల్యాదా అది సెప్పు ముందు," అనేది. హైదరాబాదు ఆఫీసులో నా రాతలు దిద్దే సారు నాలుగు నెలలుగా నాకు నేర్పలేకపోయినది ఆ ఒక్క మాటతో నాకు వచ్చేసింది.

సంక్రాంతి దాటాక మావాళ్లు వరసగా ఐదాటలు గోలే వేయలేదు. ఆ ఆదివారం చర్చిలో అయ్యగారు "ప్రార్థన అవసరమైనవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని అడిగితే అమ్మ లేచి నిలబడింది. సముద్రం ఒడ్డున ఒక ఊర్లో పిల్లోళ్లు శానా కష్టంలో ఉన్నారు అయ్యా, అంది. అయ్యగారు ఏం జబ్బని అడిగారు. "జబ్బు కాదయ్యా, గోలు పడ్డం ల్యాదు," అంది అమ్మ. నేను తల ఎత్తితే ఒట్టు. ఆయన మంచివాడు, ఒక్క క్షణం ఆలోచించి, దూరదేశంలో ప్రయాసపడుతున్న బిడ్డల కోసమని ప్రార్థన చేశారు. (మరుసటి ఆటలో రెండు పడ్డాయి. నేను దేన్నీ దేనికీ ముడిపెట్టడం లేదు, జరిగింది చెబుతున్నాను.)

అలా పడుతూ లేస్తూ ఆఖరి ఆట దాకా వచ్చారు. ఓడిపోకుండా ఉంటే చాలు, పెద్ద లీగులో ఉండిపోతారు. ఆట ఆదివారం. సీనియర్లు అలాగే చేస్తారని విని, నేను శనివారమే రెండు వ్యాసాలు రాసి పెట్టుకున్నాను, గట్టెక్కితే ఒకటి, దిగిపోతే ఒకటి. మొదటిదాన్ని మూడుసార్లు దిద్దాను, రెండోదాన్ని తిరిగి చదవను కూడా చదవలేదు. సోమవారం పొద్దున కళ్లు నులుముకుంటూ స్కోరు చూస్తే ఒకటి-సున్నా అని ఉంది. ఒకటి మనదే అనుకున్నాను. ఆట అవతలివాళ్ల ఊర్లో జరిగిందనీ, సొంత ఊరి జట్టు అంకె ముందు వేస్తారనీ ఆ నిమిషంలో తట్టలేదు. మొదటి వ్యాసం పంపేసి, అమ్మను లేపి చెప్పాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, దారిలో అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ కట్టించుకుని పోతానంది.

పదకొండింటికి సారు ఫోన్ చేశాడు. ఎమ్మిగనూరు నుంచి ఒక డ్రిల్ మాస్టరు యాప్‌లో కామెంటు పెట్టాడట, పోర్చుగల్‌లో ఓడిన జట్టును మీరు తెలుగులో గెలిపించారు అని. ఆ లీగును తెలుగులో చదివేవాళ్లు పదిమంది ఉంటే గొప్ప, అందులో ఒకడు మా పక్క ఊరివాడే కావాలా.

"రిపోర్టు చదివావా అమ్మా?" అన్నాడు సారు.

"నేను రాసింది చదువుకున్నాను సార్."

గంటలో సరిచేసి పంపు, ఉద్యోగం సంగతి ఆ తర్వాత చూద్దాం అన్నాడాయన. నేను దిద్దడం మానేసి ఆటో ఎక్కి మిల్లుకు పోయాను. ముందు అమ్మకు చెప్పకుండా లోకానికి చెప్పడం నావల్ల కాలేదు.

మే నెల కాబట్టి పత్తి తగ్గిపోయి పదిమందే ఉన్నారు. రేకుల షెడ్డు నీడలో కాగితాలు పరుచుకుని, నన్ను చూడగానే జరిగి చోటిచ్చారు. నిలబడే చెప్పాను, మనవాళ్లు ఓడిపోయారు, నేనే తప్పు చూశాను అని. అమ్మ చేతిలో బజ్జీ అలాగే ఉండిపోయింది.

దూది అవ్వ అడిగింది. "ఓడిపోతే వాళ్లను ఇండ్లకు పంపిచ్చేస్తారా?"

"లేదవ్వా. కింది లీగులో ఆడతారు."

"ఆడతారు గదా. మరెందుకే మొగం అట్ల పెట్టుకున్నావు. పత్తి ల్యాని సంవత్సరం మేము గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి పోతాము. పత్తి వస్తే మల్లా ఈడికే వస్తాము. వాళ్లూ అంతే. కూసో, బజ్జీ తిను."

అమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "సదివింది నువ్వు, నమ్మింది నేను. తప్పు ఇద్దరిదీ," అంది.

అక్కడే, దూది మూటకు ఆనుకుని, ఫోనులోనే మళ్లీ రాసి పంపాను. ముందు స్కోరు, తర్వాత నా తప్పు, ఆ తర్వాత మిరపకాయలకు వెళ్లి తిరిగొచ్చేవాళ్ల సంగతి, అవ్వ చెప్పింది చెప్పినట్టు. సాయంత్రం సారు ఫోన్ చేసి, ఇది నువ్వే రాశావా అన్నాడు. మా మిల్లువాళ్లు చెప్పారు సార్ అన్నాను. "ఇక మీదట వాళ్లనడిగే రాయి," అని, ఉద్యోగం ఖాయం చేశాడు.

ఆ యాప్ ఇప్పుడు లేదు. నేను ఆ తర్వాత ఎన్నో చోట్ల రాశాను, ఎన్నో మాటలు నేర్చుకున్నాను, కానీ నా అన్నం వెనకాల ఆ పదిమంది ఉన్నారని నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం, సారు ఫోన్ ఇంకా రాకముందు, మిల్లు నుంచి షేరాటోలో ఇంటికొస్తూ దారి పొడుగునా ఏడ్చాను. పక్కన కూర్చున్న ఒకామె, ఎవరైనా పోయినారా పాపా అని అడిగింది. పోర్చుగల్‌లో మావాళ్లు కింది లీగుకు పోయినారక్కా అన్నాను. ఆమె పాపం నిజంగానే బాధపడింది. ఉద్యోగం పోతుందన్న భయంతో కాదు, ఆ జట్టు కోసమే ఏడ్చానని నేను ఇప్పటికీ అంటాను. అమ్మ మాత్రం నవ్వి ఊరుకుంటుంది.