టెంకాయ గ్రామరు

మొన్న మా అమ్మాయి ఫోనులో కొత్త భాషేదో నేర్చుకుంటోంది. సరదాకట. ఫోను ఒక మాట పలుకుతుంది, ఇది తిరిగి పలుకుతుంది. మధ్యలో ఫోను 'తెంగో' అంది. వంటింట్లో కొబ్బరి కోరుకుంటున్న నేను, "అంటే నా దగ్గర ఉంది అని" అనేశాను. అమ్మాయి లేచొచ్చి నా వంక వింతగా చూసింది. కువైట్‌లో పద్దెనిమిదేళ్ళు కారు తోలిన మనిషికి నాలుగు అరబ్బీ ముక్కలు రావచ్చుగానీ, స్పానిషు ఎక్కణ్ణించి వచ్చిందని దాని అనుమానం. నిజానికి నాకు ఆ భాషలో వచ్చింది ఆ ఒక్క మాటే. అదైనా చేతిలో కొబ్బరిచిప్ప ఉండబట్టి ఠక్కున గుర్తొచ్చింది.

కువైట్‌లో అర్దియా అనే పేటలో ఒక కువైటీల ఇంట్లో నేను డ్రైవర్ని. అదే ఇంట్లో వంటా పిల్లల్నీ చూసుకునే అక్కది కడప వైపు. నాది కోనసీమ. ఇద్దరిదీ తెలుగేనన్న మాటేగానీ మొదటి ఏడాది సగం సైగలతోనే నడిచింది. నేను కొబ్బరికాయ అంటే ఆవిడ టెంకాయ అనేది. నేను 'ఆయ్, అలాగేనండి' అంటే ఆ 'ఆయ్' పట్టుకుని రోజంతా ఏడిపించేది. ఇంటి యజమానురాలిని మేం 'మామా' అని పిలవాలి, అంటే అమ్మగారని. ఆవిడకి నలుగురు పిల్లలు. నలుగురినీ చేతుల మీద పెంచింది అక్కే. సొంత కూతురు మాత్రం ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఇంటి వీసా మీద వచ్చినవాళ్ళకి సెలవు రెండు మూడేళ్ళకోసారి, అదీ మామా దయ. పోయినసారి వెళ్తే ఆ పిల్ల తల్లిని చూసి అమ్మమ్మ కొంగు వెనక దాక్కుందట. అక్క ఆ సంగతి నవ్వుతూనే చెప్పింది. వింటున్న నాకే ఏడుపొచ్చింది.

అలాంటి రోజుల్లో ఒక చిన్నపిల్లల ఇంగ్లీషు బడిలో ఆయా కావాలని కబురొచ్చింది. బడంటే ఎండాకాలం రెండు నెలలు సెలవు. ఏటా ఆ రెండు నెలలూ ఊళ్ళో కూతురి దగ్గర ఉండొచ్చు! ఇంటి వీసా మార్చుకునే వెసులుబాటు కూడా అప్పుడు ఇచ్చారు. మామా ఒకటే మాట చెప్పింది: "వాళ్ళు తీసుకుంటే సంతకం పెడతాను. తీసుకోకపోతే ఖలాస్, ఈ ఊసు మళ్ళీ ఎత్తకు." బడి పెద్ద ఒక ఇంగ్లీషు దొరసాని. నెల తర్వాత పిలిచి మాట్లాడించి చూస్తుందట. అక్కకి అరబ్బీ గడగడా వచ్చు, ఇంగ్లీషు మాత్రం 'యెస్ మేడం' దాటదు. "నువ్వు ఇంటరు సదివినావంట గదా తమ్ముడూ, నాకు నేర్పీ" అంది. చదివిన మాట నిజమే. తప్పిన మాట నేనెవరికీ చెప్పలేదు.

ఆ శుక్రవారం పాత సామాన్ల సంతకి వెళ్ళాను. పుస్తకాల కుప్పలో ఒకదాని అట్ట మీద 'ఇంటర్మీడియట్ ఇంగ్లీష్ గ్రామర్' అని కనబడింది. ఓరి నాయనో, నేను తప్పిన ఇంటరు పుస్తకం నన్ను వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చిందనుకుని, లోపలికి చూడకుండా కొనేశాను. ఇంటికొచ్చి తెరిస్తే వివరణలన్నీ మరేదో భాష. అక్షరాల నెత్తిన పురుగులు పాకినట్టు గీతలు. సందు చివర కిరాణా కొట్టు గోవా ఆయనకి పోర్చుగీసు వచ్చు, ఆయనకి చూపిస్తే పడీ పడీ నవ్వాడు. అది స్పానిషు మాట్లాడేవాళ్ళు ఇంగ్లీషు నేర్చుకునే పుస్తకమట. నా మొహం చూసి అక్కే నన్ను ఓదార్చింది. "పోనీలే తమ్ముడూ, వాళ్ళూ మన మాదిరి రానోళ్ళే గదా."

ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది. పుస్తకంలో తప్పు వాక్యానికి ఇంటు గుర్తూ, ఒప్పు వాక్యానికి రైటు గుర్తూ వేశారు. ఇంటు గుర్తు పడ్డవన్నీ అచ్చం మేం మాట్లాడే వాక్యాలే! మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక అక్క వంటింట్లో ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతూ కూర్చునేది, నేను వంటింటి పెరటి గడప మీద పుస్తకం పెట్టుకుని చదివేవాణ్ణి. 'ఈజ్ హాట్' తప్పు, 'ఇట్ ఈజ్ హాట్' ఒప్పు. "ఎండ మండతాంటే మద్యలో ఆ ఇట్టు ఎవురు?" అనేది అక్క. 'ఐ హ్యావ్ థర్టీ ఇయర్స్' తప్పు, 'ఐ యామ్ థర్టీ ఇయర్స్ ఓల్డ్' ఒప్పు. దాని కింద వివరణలో 'హ్యావ్' వచ్చిన ప్రతిచోటా పక్కన 'తెంగో' అని ఉండేది. అక్క దాన్ని టెంకాయ చేసింది. అప్పట్నుంచీ మాకు అది టెంకాయ గ్రామరే.

"నాకు ముప్పై ఎనిమిదేండ్లు వచ్చినాయి. వచ్చినంక నా కాడ ఉండవా? హ్యావ్ అంటే తప్పెట్లయితాది?"

"ఏమోనండీ అక్కా. ఇంగ్లీషోళ్ళకి ఏళ్ళు ఉండవంటండి, వాళ్ళే ఏళ్ళంటండి."

అంతకంటే పెద్ద చిక్కు, ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నావంటే చెప్పే జవాబు. 'ఐ వర్క్ సిన్స్ నైన్ ఇయర్స్' అంటే ఇంటు. 'ఐ హ్యావ్ వర్క్‌డ్ ఫర్ నైన్ ఇయర్స్' అనాలి. అక్క చేతిలో ఆకు కింద పెట్టేసింది. "తొమ్మిదేండ్లు చేసినా సరే. చేతిలో ఏముండాదని హ్యావ్ అనేది?" నేను పేజీ వెనక్కి తిప్పి చూశాను. "ఇంకా అయిపోలేదని చెప్పడానికండి. చేసి మానేస్తే ఆ హ్యావ్ ఉండదండి" అన్నాను చివరికి. అక్క మళ్ళీ ఆకు తీసుకుంది.

నెల తిరిగాక దొరసాని గదిలో మామా, అక్క కూర్చున్నారు. తెరిచిన తలుపు ఇవతల నేను నించున్నాను. వయసు అడిగింది, అక్క 'ఐ యామ్' అంది. పని అడిగింది, 'ఐ హ్యావ్ వర్క్‌డ్' అంది. శభాష్ అనుకున్నాను. పిల్లలెంతమంది అని అడిగింది.

"ఐ హ్యావ్ ఫైవ్ చిల్డ్రన్."

కొంప మునిగిందనుకున్నాను. దరఖాస్తు కాగితంలో కూతురు ఒక్కతేనని రాసుంది. దొరసాని కాగితం వంకా అక్క వంకా చూసి మళ్ళీ అడిగింది. ఇక అక్క అరబ్బీలోకి దిగిపోయింది. నలుగురు మామా పిల్లలు, నేను పెంచాను. ఒకతె నా పిల్ల, మా అమ్మ పెంచుతోంది. కన్నవాళ్ళు హ్యావ్ అనాలో పెంచినవాళ్ళు అనాలో మా పుస్తకంలో రాయలేదు, అంది. దాన్ని ఇంగ్లీషులో చెప్పాల్సింది మామా. చెప్పింది. చెప్పి, "ఐదే సరైన లెక్క" అని తన మాటగా కలిపింది.

ఉద్యోగం వచ్చింది. పెట్టెతో అక్కని బడివాళ్ళ గదికి దింపింది నేనే. మామా ఆఖరి కూతురు ఆరేళ్ళది, గేటు పట్టుకుని వదల్లేదు. కారు సందు తిరిగాక అక్క అడిగింది, "తమ్ముడూ, ఆ నలుగుర్నీ ఇప్పుడు హ్యావ్ అనాల్నా, హ్యాడ్ అనాల్నా?" చూసి చెబుతానండీ అన్నాను. ఆ రోజే పుస్తకమంతా తిరగేశాను. దానికి రైటు గుర్తూ లేదు, ఇంటు గుర్తూ లేదు.

అక్క ఏటా వేసవికి ఊరెళ్ళింది. మొదటి ఏడు కూతురు దూరం దూరంగానే ఉందట. రెండో ఏడు బస్టాండుకి ఎదురొచ్చి పెట్టె అందుకుందట. ఇప్పుడు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. తెంగో గొడవయ్యాక మొన్న సాయంత్రం ఫోన్ చేసి, ఎన్నేళ్ళొచ్చాయక్కా అన్నాను. "ఐ యామ్ సిక్స్టీ ఇయర్స్ ఓల్డ్" అని తప్పు లేకుండా చెప్పి పకపకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "అర్దియా చిన్నపాప వీడియో కాల్ చేసింది తమ్ముడూ. బిడ్డ పుట్టినాదంట, నాకే ముందు చూపించింది. అది హ్యాడ్ కాదబ్బా, హ్యావే" అంది.

ఫోను పెట్టేశాక లెక్కేసుకున్నాను. అక్కకి అరవై వచ్చాయి, నాకు యాభై ఆరు. వచ్చిన ఏళ్ళన్నీ ఎక్కడున్నాయా అని వెతుక్కుంటే, మంచివి చాలామటుకు ఆ వంటింటి గడప మీదే కూర్చుని ఉన్నాయి.