వయసు లేని పసిపిల్లల పట్టిక

ఈ యాత్రలో ఒక్క ముక్క కూడా కోత కాదని చేతిలోని కాఫీ మీద ఒట్టేసి చెబుతున్నాను.

మా ఒటావా ఆసుపత్రిలో పిల్లల ఐసీయూ డాక్టరు సుజాత గారు. ఊపిరి మిషన్ మీదున్న పాపాయికి గొట్టం ఏ రోజు తీస్తే మళ్లీ పెట్టాల్సిన పనుండదో తేల్చాలని ఆవిడ పట్టుదల. అందుకు మా ఒక్క ఆసుపత్రి పిల్లలు చాలరు. మాంట్రియల్ ఆసుపత్రి రికార్డులూ కావాలి. డేటా క్షణంలో వస్తుంది. ఒప్పందం మీద సంతకాలు మాత్రం సిరాతోనే పడాలట! సాయంత్రం నాలుగింటికి అక్కడి కమిటీ కూర్చుంటుంది. తప్పితే మళ్లీ చలికాలం దాటాకే. ఆవిడ దగ్గర కంప్యూటర్ పనులు చూసే నేను కాగితం పట్టుకుని బయల్దేరాను.

ఆరుంబావుకి మా ఊరి శివారు కనాటాలో బస్సు, ఎనిమిదిన్నరకి రైలు. పక్క సీట్లో కరీంనగర్ నుంచి చదువుకోవడానికొచ్చిన అమ్మాయి. నా పులిహోర తింటూ అడిగింది: "అంకుల్, గీ కాగితం స్కాన్ చేసి పంపొచ్చు గదా?"

"పంపాం తల్లీ. స్కాన్ అందిందని సంతకం పెట్టడానికి ఇంకో కాగితం పంపారు."

దారిలో గుర్రమంత దుప్పి పట్టాల మీద నిలబడి నలభై నిమిషాలు కదల్లేదు.

"దీన్ని గూడ కమిటీల వేస్కోండ్రి అంకుల్!"

పన్నెండింటికి ఆసుపత్రి చేరాను. రికార్డుల గోప్యత చూసే మూర్తి గారు మన గుంటూరాయనే. నమూనా పట్టిక గర్వంగా తెరిచారు. పేర్లు లేవు, ఊళ్లు లేవు. వయసూ లేదు.

"వయసేదండీ?"

"పుట్టినరోజు తెలిస్తే పిల్లాడెవరో పట్టేస్తారండీ. అందుకని వయసు కూడా కొట్టేశాను."

"నాలుగు రోజుల పాపకీ పద్నాలుగేళ్ల కుర్రాడికీ ఒకే వైద్యమా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "అది నన్నెవరూ అడగలేదండీ."

సుజాత గారికి ఫోన్ చేశాను. "పుట్టినతేదీ నాకెందుకండీ? ఎన్ని రోజుల పాపో చెబితే చాలు," అన్నారు. సరే, పట్టికలో ఆ రోజుల గడి చేర్చాలంటే ఒప్పందం మార్చాలి. మార్చిన ఒప్పందం మీద మూర్తి గారి పై అధికారిణి సంతకం పడాలి. ఆవిడ భోజనానికెళ్లారు. మూడుంబావుకి వచ్చారు, మూడూనలభైకి సంతకం చేశారు. కాగితం కమిటీకి అందింది.

ఐదున్నర రైలెక్కాను. ఈ దేశంలో కాగితం ఫస్ట్‌క్లాసులో వెళుతుంది, పసిపిల్లలు వెనక బోగీలో వస్తారు అనుకున్నాను.

ఒట్టేశాను గనక ఒప్పుకోవాలి. దుప్పి అబద్ధమనుకుంటున్నారేమో, నిజం. వయసు కొట్టేసిందీ నిజమే. సంతకం అయిందన్నదొక్కటే నా కోత. భోజనానికెళ్లిన ఆవిడ ఆ రోజు తిరిగి రానేలేదు. రైల్లోంచి ఆ మాట చెబితే సుజాత గారు, "అయితే ఇక చలికాలం దాటాకేనన్నమాట," అన్నారు. ఫోన్లో వెనకాల ఊపిరి మిషన్ చప్పుడొకటే వినిపించింది.