ఖాళీ చేసిన ఇంట్లో టీ

ఆ రోజుల్లో మాదే ఊరని ఎవరైనా అడిగితే నాన్న రేపల్లె దగ్గర ఒక పల్లె పేరు చెప్పేవారు, అమ్మ హైదరాబాద్ అనేది, నేను తల గోక్కునేవాణ్ణి. సోమాజిగూడలో ఒక మందుల షాపులో నాన్నకు ఉద్యోగం దొరికే నాటికి నేను చంకలో పిల్లాణ్ణి. అప్పటినుంచీ అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య అద్దె ఇళ్ళు మారుతూనే పెరిగాను. మా ఇంట్లో ఏ సంగతైనా ఇళ్ళ పేర్లతోనే గుర్తు. నాకు ఆటలమ్మ పోసింది ట్యాంకర్ ఇంట్లో (నీళ్ళు కొనుక్కునేవాళ్ళం), పదో తరగతి పాసైంది కోతుల ఇంట్లో (కోతులంటే ఓనరు గారి మనవలు). అన్నిటికన్నా ఎక్కువ కాలం ఉన్నది అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, ఒక పాత ఇంటి కింది పోర్షన్‌లో.

నాకు పంజాగుట్టలో తొలి ఉద్యోగం వచ్చాక, రోజూ షేర్ ఆటోలో ఒక కాలు బయటపెట్టి వేలాడుతున్నానని అమ్మ బెంగపడి, ఆఫీసుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు చూడమని నాన్నను పోరింది. ఆదివారం సామాన్లు మారాయి. రెండు రోజులు బుద్ధిగా కొత్తింటికే నడిచాను. తర్వాత వచ్చింది నెలాఖరు. రోజంతా బిల్లులతో కుస్తీపట్టి బయటపడి, ఇంకా ఆ లెక్కలే వల్లించుకుంటూ, అలవాటు ప్రకారం ఆటో ఎక్కి అమీర్‌పేటలో దిగాను. ఆటోలో వేలాడనక్కర్లేకుండా చూడాలనుకున్న అమ్మ ప్రేమకు నేను చేసిన మర్యాద అది.

పాత పోర్షన్‌కు ముందు తలుపున్నా మేమంతా పక్క సందులోంచి పెరటివైపే వెళ్ళేవాళ్ళం. అలాగే వెళ్ళాను. పంపు దగ్గర కాళ్ళు కడుక్కున్నాను, చొక్కా విప్పి మేకుకు తగిలించాను, తీగ మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను. (అది కొత్తగా, మెత్తగా ఉంది. అమ్మ కొనుంటుందిలే అనుకున్నాను.) వంటింట్లో పళ్ళెం నిండా మిరపకాయ బజ్జీలు కనిపించాయి. ఒకటి కొరికి, తువ్వాలు భుజాన వేసుకుని, "అమ్మా, కాస్త టీ పెట్టు" అంటూ ముందు గదిలోకి వచ్చాను.

గదిలో చాప మీద ఒక పెద్దాయన, ఆయన భార్య, తెల్ల చొక్కాలో ఒక యువకుడు కూర్చుని ఉన్నారు. వాళ్ళకెదురుగా పట్టుచీరలో ఒక అమ్మాయి తల దించుకుని ఉంది. పెళ్ళిచూపులు. అందరూ నన్నే చూస్తున్నారు. మా దేవుడి పటాలుండే గోడ బోసిగా ఉంది. అప్పుడు వెలిగింది నా బుర్రలో. బజ్జీ నోట్లోనే ఉండిపోయింది.

పెళ్ళికొడుకు తండ్రి నన్ను కాదు, గుమ్మం పక్కన నిలబడ్డ అమ్మాయి తండ్రిని అడిగాడు, ఈ పిలగాడెవరని. మా తర్వాత ఆ పోర్షన్‌లో దిగిన టైలర్ ఆయన. పాపం నన్నెప్పుడూ చూడలేదు, ఏం చెప్తాడు? పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంట్లో, వంటింట్లోంచి, బనీనుతో, వాళ్ళ తువ్వాలే భుజాన వేసుకుని ఒక కుర్రాడు వచ్చాడు. ఎవరేమనుకుంటారో నాకూ తెలుసు. అమ్మాయి చీర కొంగును పిడికిట్లో బిగించడం చూశాను. నా చెవులు మండిపోయాయి.

మూల కూర్చున్న ముసలమ్మ, ఆ టైలర్ గారి తల్లి, తొణకకుండా అంది: "మావోడే. పనికెల్లి ఇప్పుడే వచ్చిండు. పో బిడ్డా, అంగి తొడుక్కొని రా." మేం ఖాళీ చేసిన రోజు ఇల్లు చూసుకోవడానికి వచ్చింది ఆవిడే. ఫ్యాను మోస్తున్న నన్ను గుర్తుపెట్టుకుంది.

చొక్కా అందుకుంటుంటే జేబులో ఫోన్ మోగింది. అమ్మ.

"ఏరా, ఇంకా రాలేదేంటి?"

"ఇంటికొచ్చేశానమ్మా" అన్నాను, కంగారులో.

"ఏ ఇంటికి?"

ఫోన్ కట్ చేసి, గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాను. పారిపోతే ఆ అమ్మాయి సంబంధం ఏమవుతుందోనని భయం. పెళ్ళికొడుకు తల్లి నన్ను ఎగాదిగా చూసి, "మీదే ఊరు బిడ్డా?" అంది. నాకు వచ్చీరాని తెలంగాణ మాట కలుపుదామనుకున్నాను గానీ నోరు తిరగలేదు.

"మాది ఈ ఇల్లేనండి" అన్నాను.

ఆ 'అండి' కొంప ముంచింది. ముందు కిసుక్కుమంది పెళ్ళికూతురే. ఆపుకోలేక తలెత్తి నవ్వేసింది. పెళ్ళికొడుకు అప్పుడే ఆమె మొహం సరిగ్గా చూశాడట (తర్వాత అతనే చెప్పాడు). ఇక దాచి లాభం లేక, ఆటో ఎక్కిన దగ్గర్నుంచి బజ్జీ దాకా అంతా చెప్పి దణ్ణం పెట్టాను. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. ముసలమ్మ మాత్రం నవ్వలేదు. "మా సిరిసిల్ల ఇల్లు ఇడిసినంక నేను సుత పొద్దుగాల లేసి మగ్గం కాడికని పోయి గోడకు గుద్దుకునేదాన్ని" అని నుదురు తడుముకుంది. తర్వాత టీ కూడా ఆవిడే ఇప్పించింది. సిగ్గుతో ఏం తాగానో నాకు తెలియదు.

ఇంటికి వెళ్ళాక (కొత్తింటికే) అమ్మ తిట్టలేదు. ఇల్లు శుభ్రంగా పెట్టుకున్నారా, వంటింటి కిటికీకి తెర కట్టారా అని అడిగింది. ఆ సంబంధం కుదిరింది. పెళ్ళిలో నన్ను అమ్మాయి తరఫున నిలబెట్టారు. ఆ పెళ్ళికొడుకు ఇప్పటికీ ఫోన్ చేస్తే "ఏం బామ్మర్దీ, ఏ ఇంట్ల ఉన్నవ్?" అనే మొదలుపెడతాడు.

ఆ పాత ఇల్లు ఇప్పుడు లేదు. దాని చోట ఐదంతస్తుల లేడీస్ హాస్టల్ లేచింది. మొన్న అమీర్‌పేటలో మెట్రో దిగి ఏదో ఆలోచిస్తూ నడుస్తున్నాను. "సార్, ఇది ఆడపిల్లల హాస్టల్, ఎవలు గావాలె?" అని వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టేదాకా ఎక్కడికొచ్చానో చూసుకోలేదు. మూడు పదులు దాటి, పొట్ట వచ్చి, లోన్ మీద సొంత ఫ్లాట్ కొనుక్కున్న మనిషిని, అతనికి ఏమని చెప్పను? తప్పొచ్చానని గొణిగి వెనక్కి తిరిగాను. మలుపు దాటేవరకు అతను నన్నే చూస్తున్నాడని వీపుకు తెలుస్తూనే ఉంది. చెవులు మళ్ళీ అలాగే మండాయి. కానీ ఈసారి, ఎందుకో, నవ్వుకుంటూనే నడిచాను.