బుల్లెట్ మెడలో ఆదిబాబు ఫొటో

ఆదిబాబుకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. పాడైన వస్తువు కంటబడితే దానికి ఎర్ర ట్యాగ్ తగిలించందే ఆయన చెయ్యి ఊరుకోదు.

ట్యాగ్ అంటే ఏమిటో జంషెడ్‌పూర్ భాలుబాసాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బయటివాళ్లకి చెప్పాలి. కార్ఖానాలో ఫిట్టరు మిషను లోపల చెయ్యి పెట్టే ముందు దాని స్విచ్చి కట్టేసి, తన ఫొటో, పేరు, ఫోను నంబరు ఉన్న ఎర్ర అట్టముక్క అక్కడ వేలాడదీస్తాడు. ‘నేను లోపల ఉన్నాను, ముట్టుకోకు’ అని దానర్థం. కట్టినవాడు తప్ప దాన్ని దేవుడొచ్చినా విప్పకూడదు. గోల్‌మురి కార్ఖానాలో ఉద్యోగం ముగిసిన రోజున అందరూ శాలువా కప్పించుకుని వెళ్తారు. ఆదిబాబు మిగిలిపోయిన ట్యాగుల కట్ట అడిగి తెచ్చుకున్నాడు.

ఆనాటి నుంచి కారే కుళాయికి ట్యాగ్. కిర్రుమనే తలుపుకి ట్యాగ్. భార్య గౌరీదేవి మోకాలు నొప్పి అంటే ఆమె కొంగుకీ ట్యాగే. “బిందూ, మీ అత్త చేత మెట్లు ఎక్కించకమ్మా. లైను షట్‌డౌన్‌లో ఉంది.”

“ఆ షట్‌డౌనేదో నీ నోటికెట్టుకో,” అనేది గౌరీదేవి, కొంగు దులుపుకుంటూ.

కోడలు హిమబిందు ఇదంతా నవ్వుకుంటూ భరించింది. ట్యాగ్ తన కుక్క మెడకి పడేదాకా.

ఆ కుక్క పేరు బుల్లెట్. వానలో తడిసి వణుకుతుంటే హిమబిందు టిఫిన్ సంచీలో వేసుకుని తెచ్చిన కూన. పెరిగి పెద్దదై, సందులో ప్రతి గడప దగ్గరా వరసగా ఏదో ఒకటి తిని, ఏడాది తిరిగేసరికి గీరుకోవడమే ఉద్యోగంగా పెట్టుకుంది. చెవులు ఎర్రగా వాచాయి. పొట్ట మీద బొచ్చు రాలిపోయింది. పాదాలు రోజంతా నాకుతూ కూర్చునేది.

“ఖుజ్లీ హై, భాభీ, గజ్జి. పిల్లలకి అంటుకుంటే?” అన్నాడు ఎదురింటి సూరజ్, సందుకి తనంతట తానే సెక్రటరీ అయినవాడు. “కార్తీక పూర్ణిమ తక్ దేఖో, అందాకా చూద్దాం. తగ్గకపోతే బిర్సానగర్‌లో ఒక గోడౌనుకి కాపలా కుక్క కావాలంటున్నారు, పంపించెయ్యండి.”

గోడౌను, గొలుసు, చీకటి. హిమబిందుకి అన్నం సయించలేదు.

పశువుల డాక్టరమ్మ చర్మం గీకి పరీక్ష చేసి, గజ్జి కాదంది. “తిండి పడటం లేదమ్మా. కోడో, పాలో, గుడ్డో, దేన్లోని ప్రొటీనునో దీని ఒళ్లు శత్రువు అనుకుంటోంది. ఇంతవరకూ తినని మాంసం ఒక్కటే ఎనిమిది వారాలు పెట్టండి, ఉడికించిన చిలగడదుంపతో. అది తప్ప బిస్కెట్టు ముక్క కూడా తగలకూడదు. ఇంతకీ ఇది తిననిది ఏముంది?”

అత్తాకోడళ్లు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టారు. చివరికి గౌరీదేవికి తట్టింది. “చేప. మా ఆయన ముల్లు కూడా మిగల్చడు కదా.”

వెంట వచ్చిన ఆదిబాబు అదేమీ వినలేదు. ఆయన కళ్లు వెలుగుతున్నాయి. “అంటే అన్ని లైన్లూ బంద్ చేసి, ఒక్క లైను నడిపి చూడడం! ఇది ఫిట్టరు పనే డాక్టరమ్మా! ముందే చెప్పరేటి?”

ఇంటికి చేరేసరికి బుల్లెట్ మెడలో ట్యాగ్. అందులో మీసాలతో ఆదిబాబు.

సందు జనం సగానికి సగం కార్ఖానా మనుషులు. ట్యాగ్ చూడగానే బిస్కెట్ల చేతులు వెనక్కి వెళ్లిపోయాయి. చిక్కు బయటివాళ్లతో వచ్చింది.

“హలో, మీ ఆదిబాబు సాక్చి బజారులో చెప్పుల కొట్టు ముందు పడుకున్నాడు. వచ్చి తీసుకెళ్లండి.”

“ఆదిబాబుని నేనేనండి.”

“మరి ఇక్కడ తోక ఆడిస్తున్నది ఎవరు?”

ఇంకొకాయన మెడలో ఫొటో చూసి, పోయిన యజమాని కోసం కుక్క పడే బాధ అనుకున్నాడు. ఫోను చేసి ముక్కు చీదాడు. “ఆదిబాబుగారు పోయారట కదండీ...”

“ఎప్పుడు?” అన్నాడు ఆదిబాబు ఆత్రంగా.

అవతల ఫోను కింద పడిన చప్పుడైంది.

అయితేనేం, షట్‌డౌన్ ఫలించింది. దీపావళి నాటికి బుల్లెట్ చెవులు మామూలయ్యాయి, పొట్ట మీద నూగు మొలిచింది. కార్తీకమాసం వచ్చి ఇంట్లో నీచు మానేసినా, గౌరీదేవి పెరట్లో వేరే పొయ్యి మీద, ముక్కుకి గుడ్డ కట్టుకుని కుక్క కోసం చేప ఉడికించింది. అంతా బాగున్న ఆ సమయంలోనే బుల్లెట్ మళ్లీ గీరుకోవడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండా చెవులు మళ్లీ టమాటా పళ్లు.

“ఎవరో పెడుతున్నారు, మావయ్యా,” అంది హిమబిందు. “పౌర్ణమి ఎంతో దూరం లేదు. ఆదివారం అందర్నీ పిలుద్దాం. ఎవరో తేలాలి.”

“తేలుద్ది,” అన్నాడు ఆదిబాబు. ఆ మూడు రోజులూ బుల్లెట్ వెనకే తిరిగాడు.

ఆదివారం కుళాయి దగ్గర సందు సందంతా చేరింది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ కస్తూరమ్మది. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ. కార్తీకమాసం అంటే భాలుబాసాలో ఆవిడదే రాజ్యం. ఎవరి నోట గుడ్డు వాసన తగిలినా దీపాల దగ్గరికి రానివ్వదు.

సూరజ్ గొంతు సవరించుకునే లోపు ఆదిబాబు లేచాడు.

“మీటింగెందుకు? పెట్టింది నానే.”

అందరి మెడలూ ఆయన వైపు తిరిగాయి.

“గోల్‌మురి హోటల్లో కోడి సూపు. మంగళవారం సాయంత్రం ఓపాలి, గురువారం ఓపాలి. సూపంటే తిండి కాదు, బలానికి మందే కదా అనుకున్నాను. డాక్టరమ్మ చెప్పింది, చుక్క తగిలినా చాలట, మొదటికొత్తదట. నాకు తెలవక చేసినాను. తెలిసి ఎవరు చేత్తారు?”

“కార్తీకమాసంలో కోడా!” గౌరీదేవి లేచింది. “కుక్కకెడితే ఎట్టినావు. నువ్వు తాగినావేటి?”

“ఒక్క... గుటక.”

సందు పగలబడి నవ్వింది. “అంకుల్, ట్యాగ్ ఆప్‌కే గలే మే హోనా చాహియే! కుక్కకి కాదు, మీ మెడలో ఉండాలి!” అన్నాడు సూరజ్, నవ్వలేక కళ్లు తుడుచుకుంటూ. ఆ నవ్వులో పౌర్ణమి గడువు సంక్రాంతి దాకా జరిగిపోయింది.

హిమబిందు మాత్రం నవ్వలేదు. మంగళవారం సాయంత్రం మావయ్య ఎక్కడున్నాడో ఆమెకి తెలుసు. వంటింట్లో, తన మిక్సీకి ట్యాగ్ కట్టి, దాని పేగులన్నీ బయటికి తీసి కూర్చున్నాడు. ఇంటికి రాగానే పెరట్లో నిలదీసింది.

“ఎవరు మావయ్యా?”

ఆదిబాబు ప్రహరీ వైపు చూసి గొంతు తగ్గించాడు. “మన పక్కింటి కస్తూరప్ప. దీపావళికి జ్వరం పడింది కదా, ఒంట్లో సత్తువ నేదు, సూపు తాగమన్నాడట డాక్టరు. ఈ నెల్లో తాగినాదని తెలిస్తే రేపు దీపాల కాడ ఆవిడ మొహం ఎక్కడెట్టుకుంటాది? వెనక తలుపేసుకుని తాగుతాంది, సగం దీనికి పోత్తాంది. ఇదైతే ఎవుళికీ చెప్పదు కదా.”

“అందరిముందూ మీరు...”

“నాకేటమ్మా, నన్నెలాగూ పిచ్చోణ్ణనే అంటారు.”

అంతలో ప్రహరీ తలుపు దబాలున తెరుచుకుంది. కస్తూరమ్మ, కొంగు బిగించి.

“ఓరి ఆదీ! బుద్ధుందేట్రా నీకు? నోరులేని జీవానికి పడనిది పోత్తావా? కార్తీకమాసమనైనా నేదా?”

“తప్పయిపోనాది అప్పా.”

“ఇంకనించి దీని గిన్నె కాడ నాను కూచుంటాను. నీలాటోళ్లని నమ్మకూడదు.”

“కూచో అప్పా.”

ఆవిడ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరగలేదు. “ఒరే... నువ్వు తాగినావు కదా ఆ సూపు. పాపమంటావా?”

“మందుకి మాసం నేదన్నాడప్పా డాక్టరు,” అన్నాడు ఆదిబాబు, ఎటో చూస్తూ. “సత్తువొచ్చేదాకా మానకూడదట. కుక్కకి మాత్రం పొయ్యకూడదట.”

“మరే,” అంది కస్తూరమ్మ. అని, ఎంచక్కా నడుచుకుంటూ వెళ్లిపోయింది. హిమబిందు చున్నీ నోట్లో కుక్కుకుంది.

కస్తూరమ్మ కాపలాలో బుల్లెట్ గిన్నె మీద ఈగ కూడా వాలలేదు. బొచ్చు మొలిచింది, బిర్సానగర్ గోడౌనువాళ్లు వేరే కుక్కని చూసుకున్నారు. గౌరీదేవికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ నెలంతా ఆమె సాయంత్రం దీపం పెట్టే ముందు మొగుణ్ణి ఆపి నోరు వాసన చూసేది. ఆయన బుద్ధిగా నోరు తెరిచి నిలబడేవాడు.