గుంతవ్వ నాలుక మీది మచ్చ

ఉలిగమ్మ ఎవరని అడిగితే ధర్మవరంలో చాలామందికి తెలియదు. గుంతవ్వ అంటే మాత్రం హిందూపురం బస్టాండులో టీ పోసేవాడు కూడా నవ్వుతాడు. మా లోకల్ కేబుల్ చానల్లో ఆదివారం పూట వచ్చే కామెడీలో ఆమె వేషం అది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, పట్టుచీర నేస్తూ, కిటికీలోంచి ఊరినంతా కడిగిపారేసే ముసలమ్మ. వేషమని పేరే గానీ మగ్గం ఆమెదే, చీర ఆమెదే, నోరూ ఆమెదే. పెనుకొండ నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆ నోటికి మా వీధి భయపడుతూనే ఉంది.

కొత్త వాటర్ ట్యాంకు ప్రారంభం రోజు ట్యాంకరుతో నీళ్లు తెచ్చి కుళాయి తిప్పుతారని ఒక వారం చెప్పింది. అట్లాగే తిప్పారు. సిమెంటు రోడ్డు ఆరకముందే పైపుల కోసం తవ్వుతారని ఇంకో వారం చెప్పింది. తవ్వారు. మొదటిసారి జనం పడీపడీ నవ్వారు. రెండోసారికి నవ్వు ఆగిపోయింది. ఆమె నాలుక మీద మచ్చ ఉందట, ఏమంటే అది జరుగుతుందట! గృహప్రవేశాలకు పిలవడం మానేశారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఇక్కడే. పైపు వేయని ట్యాంకులోకి నీళ్లు రావని చెప్పడానికి మచ్చ ఎందుకు, కళ్లుంటే చాలదా?

మా వీధి చివర అంగన్‌వాడీ ఉంది. కప్పు పెచ్చులూడి చువ్వలు బయటికొచ్చాయి. ఉలిగమ్మ మనవడు ఆ కప్పు కిందే ఆడుకునేవాడు. బాగుచేయమని అడిగినప్పుడల్లా పెద్దమనుషులు చూద్దాంలే అన్నారు. ఈ ఆదివారం దాని సంగతే ఎత్తుకుంటానని చానల్ నడిపే అశోక్‌తో ఆమె అంది. ఆ మాట బయటికి పొక్కింది.

మర్నాడు వీధిలోని తల్లులంతా ఆమె వాకిట్లో ఉన్నారు. కప్పు కోసం ఏనాడూ ఇంతమంది కదల్లేదు, ఆమె నోరు మూయించడానికి కదిలారు.

"నీ కాళ్లు పట్టుకుంటాం, ఆ మాట అనొద్దవ్వా. నువ్వంటే పడతాది."

"నేననకుంటే నిలబడతాదా?"

కోడలు నీలావతి కూడా ఏడ్చింది. "వద్దత్తా, నా బిడ్డ ఆడనే ఉంటాడు."

"వాడు నాకేమీ కాడామ్మే?" అంది ఉలిగమ్మ.

అశోక్ తల గోక్కున్నాడు. "ఫోన్ల మీద ఫోన్లు వస్తాండాయవ్వా. ఈ వారం పాతది వేసుకుందాం."

"వేసుకోప్పా. నేను వీధిలో నిలబడి అరుస్తా. కేబుల్ లేనోళ్లకు గూడా వినబడతాది."

అశోక్‌కు లైవ్ పెట్టక తప్పలేదు. ఆదివారం కెమెరా ఆన్ కాగానే ఆమె నాలుక బారెడు చాపింది.

"చూడండప్పా, యాడుండాది మచ్చ? అయినా ఉండాదని మీరు అంటాండారు గదా, సరే, ఉండాదనే అనుకుందాం. అంగన్‌వాడీ కప్పు ఈ వానలకు పడతాది. నేనంటే జరుగుతాదని మీకు నమ్మకం గదా? ఇంక మీ పిల్లోళ్లను ఆడికి ఎట్ల పంపుతారో చూస్తా!"

సోమవారం ఒక్క తల్లీ బిడ్డను పంపలేదు. గుంతవ్వను నోటికొచ్చినట్టు తిడుతూనే పిల్లలను ఇంట్లో పెట్టుకున్నారు. ఖాళీ గదిలో కూర్చోలేక టీచరమ్మ అంగన్‌వాడీని కమ్యూనిటీ హాలుకు మార్చింది.

వానలు పట్టాక, పిల్లలకు గుడ్డు పెట్టే వేళలో, ఆ పాత గది కప్పు కూలింది. అంతకుముందు వాళ్లు రోజూ కూర్చున్న చోటే పడింది.

తల్లులు మళ్లీ వాకిట్లోకి వచ్చారు. "అన్నావు, పడింది" అంది ఒకామె.

ఉలిగమ్మ గుంతలోంచి లేవలేదు. "ఔ, నేనే పడగొట్టినా. ఊరంతా చెప్పుకోండి. దాని కింద మీ బిడ్డలు లేకుండా చేసిందెవరో, అది గూడా చెప్పండి."

నీలావతి కొడుకును చంకనెత్తుకుని వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"వచ్చే వారం ఏం చెప్తావత్తా?"

"బడి ప్రహరీగోడ చూసినావా నువ్వు?" అని ఉలిగమ్మ మళ్లీ నేతలో పడింది.

వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా ఆ గోడ చూడ్డానికి పోయారు.